సమస్య: రోగి పలుక వెజ్జు మూగవోయె (ఆటవెలది; వెజ్జు అంటే వైద్యుడు)

పర్లాకిమిడి:
మామయ్యగారిని బరంపురం తీసుకెళ్తే డాక్టరు అరచేతిని పైకీ కిందికీ గబగబా తిప్పమన్నారు. కుడిచేయి తడబడింది. కాగితం మీద రాసిన జబ్బు లక్షణం పేరు చదవబోయి పక్కనున్న కుర్ర డాక్టరు "డొచో" దగ్గర ఆగిపోయారు. 30 ఏళ్లు తెలుగు చెప్పిన మామయ్య పెన్ను అడిగి, ఎడమచేత్తోనే అక్షరాల కింద గురులఘువులు పెట్టి గడగడా చదివేశారు. పూరించండి.

గుణుపురం:
పదము పొడుగు చూచి పలుకలేక నిలువ
గురువు లఘువు గణము గుర్తు పెట్టి
ముక్క ముక్క చేసి ముద్దుగా నొక్కుచు
రోగి పలుక వెజ్జు మూగవోయె.

రాయగడ:
డిస్డయాడొకోకినీసియా యను పేరు
చేయి తిరుగకున్న జిహ్వ తిరుగ
లఘువు గురువు లెంచి లయతోడ నొకసారి
రోగి పలుక వెజ్జు మూగవోయె.

పర్లాకిమిడి:
గుణుపురం వారి నడక హాయిగా ఉంది. కానీ "నిలువ" అన్నదానికి కర్త లేదు. రోగే పలకలేక నిలిచి, రోగే పలికినట్టయింది.
రాయగడ వారూ, ఎంత బాగా పట్టారు! డిస్డ, యాడొ, కోకి మూడూ గలాలు (గురువు, లఘువు), నీసియా ర గణం (గురువు, లఘువు, గురువు). ఆ మాట ఆటవెలది కోసమే పుట్టినట్టుంది. గ్రీకు మాట కనుక స్పెల్లింగు ఎలా ఉన్నా కుర్ర డాక్టరు ఆగిన ఆ "చో"ను "కో" అనే పలకాలి, ఊనిక "నీ" మీద పడాలి. గిడుగు రామమూర్తిగారు సవర గిరిజనుల మాటలను చెవితో పట్టి రాసిన ఊరు మాది, అందుకే ఇంత పట్టింపు. యతి మాత్రం తప్పింది: పాదం మొదటి అక్షరం నాలుగో గణం మొదటి అక్షరంతో కలవాలి, డికీ నీకీ మైత్రి లేదు.

జయపురం:
నేను స్పీచ్ థెరపీ చేస్తాను, ఒక మాట చెప్పాలి. డయాడొకోస్ అంటే వెంట వచ్చేది, కినీసిస్ అంటే కదలిక. చిన్నమెదడు దెబ్బతింటే వెంటవెంటనే మార్చి చేసే కదలికలు కుదరవు. 1902లో ఫ్రెంచి వైద్యుడు బబిన్‌స్కీ దీన్ని వర్ణించారు. కొందరికి నాలుక కూడా తడబడుతుంది. అందుకే "పటక పటక" అని వేగంగా అనిపించి చూస్తాం. చూడండి, మూడూ లఘువులే, అదీ న గణమే! "జిహ్వ తిరుగ" అందరికీ చెల్లదు, మీ మామయ్యగారికి చెల్లింది.

రాయగడ:
సీతా మనకు సీత అయినట్టు సియాను సియ చేశాను. యతి ఇప్పుడు క్రొ–కో.
క్రొత్త డిస్డయాడొకోకినీసియ పేరు
చేయి తిరుగకున్న జిహ్వ తిరుగ
లఘువు గురువు లెంచి లయతోడ నొకసారి
రోగి పలుక వెజ్జు మూగవోయె.

పర్లాకిమిడి:
మామయ్యకు చదివి వినిపించాను. మొదటి పాదం మళ్లీ చదవమని, ఎడమచేత్తో మంచంపట్టె మీద గణాలు లెక్కపెట్టుకున్నారు.