సారీ అన్నది క్షమాపణా, బాధా? ఇంగ్లీషు శోకపదాల పుట్టుక గురించి

ప్రశ్న

సభ్యులందరికీ నమస్కారం. గత నెల మా పెదనాన్నగారు కాలం చేశారు. అమెరికాలో పుట్టి పెరిగిన మా మేనల్లుడు, తనకు వచ్చిన నాలుగు తెలుగు ముక్కలనూ కూడగట్టుకుని, మా పెద్దమ్మకు స్వయంగా ఒక సందేశం రాసి పంపాడు. అందులో మొదటి వాక్యం 'అమ్మమ్మా, మీ నష్టానికి నన్ను క్షమించండి' అని ఉంది. ఆవిడ దాన్ని నా చేత రెండుసార్లు చదివించుకుని, 'పసివాడు, వాడేం తప్పు చేశాడురా?' అని అడిగారు. ఇంగ్లీషులో చావుకబురు విన్నప్పుడు సారీ అని ఎందుకంటారో, ఆ భాషలో దుఃఖాన్ని చెప్పే మిగతా మాటల అసలు అర్థాలు ఏమిటో తెలిసినవారు వివరిస్తే ఆవిడకూ, వాడికీ కూడా చెప్పగలుగుతాను.

జవాబు

మీ పెద్దమ్మగారు అడిగిన ప్రశ్న న్యాయమైనదే, మీ మేనల్లుడి మనసులో ఉన్న భావమూ సరైనదే. పొరపాటు ఆ రెంటికీ నడుమ, సారీ అనే మాటకు ఉన్న రెండు అర్థాల దగ్గర జరిగింది.

సారీ అనేది పాత ఇంగ్లీషులోని సారిగ్ అనే విశేషణం నుంచి వచ్చింది. దానికి మూలమైన సార్ అనే పదానికి నొప్పి, గాయం అని అర్థం. గొంతునొప్పిని సోర్ త్రోట్ అంటున్నప్పుడు వినబడే సోర్ కూడా అదే. కనుక 'ఐ యామ్ సారీ' అనే వాక్యం మొదట చెప్పినది 'నాకు నొప్పిగా ఉంది' అని మాత్రమే. తన వల్ల ఎదుటివారికి కష్టం కలిగినప్పుడు 'అలా జరిగినందుకు నాకు బాధగా ఉంది' అని చెప్పుకోవడం అలవాటై, ఆ అలవాటులోంచే క్షమాపణ అనే రెండో అర్థం పుట్టింది. మన దేశంలో ఆ మాట బస్సులో కాలు తొక్కినప్పుడు, ఆఫీసుకు ఆలస్యమైనప్పుడు వాడడానికే ఎక్కువగా పనికి వచ్చింది కాబట్టి, రెండో అర్థమే మనకు మొదటిదిగా కనబడుతుంది. ఇదే కుటుంబానికి చెందిన జేర్ అనే జర్మన్ పదానికి నేడు 'చాలా' అని అర్థం. నొప్పి పుట్టేంతగా అనే భావమే అరిగి అరిగి 'చాలా'గా మిగిలింది. మనం 'చచ్చేంత ఆకలి' అన్నప్పుడు చావును తలచుకోనట్టే, జర్మన్లు జేర్ అన్నప్పుడు నొప్పిని తలచుకోరు.

సారీ, సారో అనే మాటలు అక్కాచెల్లెళ్లలా వినబడినా, పుట్టుకలో వాటికి చుట్టరికం లేదు. సారో పాత ఇంగ్లీషు సోర్గ్ నుంచి వచ్చింది, దాని జర్మన్ రూపమైన జోర్గె నేటికీ చింత, ఆలనాపాలనా అనే అర్థాల్లో వాడుకలో ఉంది. అంటే ఒకటి ఒంటి నొప్పి, మరొకటి మనసులోని చింత. ఉచ్చారణ దగ్గరపడినకొద్దీ ఈ రెండూ ఒకదాని నీడ ఒకదాని మీద పరచుకుని, చివరికి ఇంగ్లీషువారికే అవి ఒకే ఇంటివిగా తోచసాగాయి.

గ్రీఫ్ అనే మాట తెలుగువారికి నిజానికి మరింత దగ్గరిది. అది ఫ్రెంచి ద్వారా ఇంగ్లీషులోకి వచ్చింది, లాటిన్‌లో బరువైన అనే అర్థమున్న గ్రావిస్ దానికి మూలం. ఆ గ్రావిస్, మన సంస్కృతంలోని గురు అనే పదమూ ఒకే మూలం నుంచి చీలిన కొమ్మలని భాషాశాస్త్రజ్ఞులు అంగీకరించారు. ఛందస్సులో లఘువుకు ఎదురుగా నిలిచే గురువు, భూమి లాగే శక్తికి మనం పెట్టుకున్న గురుత్వాకర్షణ అనే పేరు, అదే శక్తికి ఇంగ్లీషువారు పెట్టుకున్న గ్రావిటీ అనే పేరు, ఇవన్నీ ఆ బరువు చుట్టూ తిరిగేవే. 'గుండె బరువెక్కింది' అని మనం అనుకునేది గ్రీఫ్ అనే ఒక్క మాటలో ఇమిడి ఉందన్నమాట. మనవారు బరువుతో ఆగకుండా కొలతకు కూడా పోయి 'పుట్టెడు దుఃఖం' అన్నారు. పుట్టి అంటే ఇరవై తూముల ధాన్యం అని నేటి పిల్లలకు విడమరిచి చెబితే తప్ప ఆ మాటలోని మోత తెలియదు. ఇంగ్లీషులో గ్రీఫ్‌కు తొలినాళ్లలో కష్టం, అన్యాయం, హాని అనే అర్థాలు కూడా ఉండేవి. ఆ పాత అర్థాన్ని నేటికీ కాపాడుతున్నది గ్రీవెన్స్ అనే మాట. సోమవారం కలెక్టరు కార్యాలయంలో జరిగే గ్రీవెన్స్‌కు అర్జీ పట్టుకుని వెళ్లే రైతు, తెలియకుండానే ఈ శోకపదాన్ని పలుకుతున్నాడు. ఒక హెచ్చరిక కూడా చేయాలి. సమాధి అనే అర్థంలోని గ్రేవ్ ఈ కుటుంబానికి చెందదు. అది తవ్వడం అనే అర్థమున్న వేరే జర్మానిక్ ధాతువు నుంచి వచ్చింది. గంభీరమైన అనే అర్థమున్న గ్రేవ్ మాత్రం ఈ బరువుకు సంబంధించినదే.

సంస్కృతం నుంచి మనకు వచ్చిన శోకం దారి వేరు. దాని ధాతువైన శుచ్‌కు మండడం, ప్రకాశించడం అని అర్థం. శుభ్రతను చెప్పే శుచి కూడా ఆ ధాతువు నుంచే వచ్చిందంటే మొదట ఆశ్చర్యం కలుగుతుంది గాని, వెలుగు నుంచి నిర్మలత్వానికి, మంట నుంచి దుఃఖానికి అర్థం నడిచిందని గ్రహిస్తే చిక్కు విడిపోతుంది. సంతాపంలోని తాపమూ వేడిమే. లాటిన్ వారసులకు దుఃఖం మోయవలసినది అయితే, మనకు అది కాల్చేది.

బిరీవ్ అనే మాట వీటన్నిటిలోకీ కఠోరమైనదని నాకు అనిపిస్తుంది. దాని అసలు అర్థం దోచుకోవడం. దొంగిలించడం అనే అర్థమున్న రాబ్, జర్మన్‌లోని రౌబెన్ దీని బంధువులే. దోపిడీలో ఒలుచుకున్న బట్ట అనే అర్థం నుంచి నేడు న్యాయమూర్తులు ధరించే రోబ్ అనే మాట వచ్చిందంటే ఎవరూ ఒక పట్టాన నమ్మరు. 'బిరీవ్డ్ ఫ్యామిలీ' అని పత్రికలో చదివినప్పుడు మనం 'శోకతప్త కుటుంబం' అని తర్జుమా చేసుకుంటాం కాని, ఆ మాట చెప్పేది దోపిడీకి గురైన ఇల్లు అని. 'నా బిడ్డను ఎత్తుకుపోయావా దేవుడా' అని ఏడ్చే తల్లి మాటకు ఇది దగ్గరగా ఉంది. అయితే బిడ్డను పోగొట్టుకున్న దుఃఖానికి ప్రత్యేకంగా మనకున్న కడుపుకోత వంటి మాట ఇంగ్లీషులో లేదు.

శాడ్ సంగతి విచిత్రమైనది. పాత ఇంగ్లీషులో దానికి కడుపు నిండిన, తనివి తీరిన అని అర్థం. తృప్తిని చెప్పే శాటిస్‌ఫై అనే మాటలోని లాటిన్ మూలంతో దానికి చుట్టరికం ఉంది. నిండినతనం మొహం మొత్తడంగా, మొహం మొత్తడం బరువుగా, బరువు గాంభీర్యంగా, గాంభీర్యం విచారంగా కొన్ని శతాబ్దాల పాటు మెల్లగా మారుతూ వచ్చాయి. నిట్టూర్పుగా పలికే అలాస్ కూడా పాత ఫ్రెంచిలో 'హా, అలసిపోయాను' అనడమే. దాని వెనుక ఉన్నది అలసిన అనే అర్థమున్న లాటిన్ పదం లస్సుస్. మన అలసటతో ఆ మాటకు పోలిక వినబడినా అది కాకతాళీయమే, దయచేసి ఎవరూ చుట్టరికం కలపవద్దు. ఇక మోర్న్ అనే మాటను సంస్కృతంలోని స్మృ ధాతువుతో, అంటే స్మరణతో, ముడిపెట్టిన పండితులున్నారు. అది అందరూ ఒప్పుకున్న విషయం కాకపోయినా, పోయినవారిని తలచుకోవడమే ఏడవడం అన్న ఊహ అందంగా ఉంది.

కీన్ అనే మాట గురించి కొంచెం నిదానంగా చెప్పాలి. చురుకైన, పదునైన అనే అర్థమున్న కీన్ వేరు. శవం దగ్గర గొంతెత్తి ఏడవడం అనే అర్థమున్న ఈ కీన్ ఐరిష్ భాషలోని ఏడుపు అనే పదం నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది. ఐర్లండ్‌లో ఆ పనిలో ఆరితేరిన స్త్రీలు ఉండేవారు. వారు చనిపోయినవారి వంశాన్ని, మంచితనాన్ని, చేసిన పనులను వరసగా చెబుతూ రాగం తీసి ఏడిచేవారు, చర్చి పెద్దలు ఆ ఆచారాన్ని పలుమార్లు నిరసించారు. 1773లో కార్క్ ప్రాంతంలో హత్యకు గురైన ఆర్ట్ ఓ లేరీ మీద అతని భార్య ఐలీన్ చెప్పిన శోకగీతం, తొలుత నోటినుంచి నోటికి సాగి తరవాత కాగితం మీదికి ఎక్కి, ఐరిష్ సాహిత్యంలో గొప్ప కవితగా నిలిచింది. మన పల్లెల్లో శవం దగ్గర స్త్రీలు ఒకరి మెడ ఒకరు పట్టుకుని శోకాలు పెట్టడం చూసినవారికి దీన్ని వర్ణించి చెప్పవలసిన అవసరం లేదు. చదువుకున్నవారు నామోషీగా భావించి ఆ శోకాలను మానుకుంటున్న తీరు కూడా రెండు చోట్లా ఒకటే.

చివరగా కండోలెన్స్. 'కలిసి నొప్పిపడడం' అని దాని లాటిన్ అర్థం. మనం దానికి బదులుగా సంతాపం అని పత్రికల్లో రాసుకుంటున్నాం గాని, ఇళ్లలో వాడే మాట పరామర్శ. సంస్కృతంలో పరామర్శకు తాకడం, ఆలోచించడం అనే అర్థాలు ఉండగా, తెలుగులో అది కష్టంలో ఉన్నవారి ఇంటికి స్వయంగా వెళ్లి పలకరించడం అయింది. అక్కడ మాటలు పెద్దగా అవసరం లేదు. కాసేపు కూర్చుని, వచ్చేటప్పుడు 'వెళ్లొస్తాను' అని కూడా అనకుండా లేచి వచ్చేస్తాం. ఇంగ్లీషులో ఉన్నట్టు సంతాపానికి తయారుగా ఉన్న ఒక వాక్యం మనకు లేకపోవడానికి కారణం అదేనని నా అభిప్రాయం. మనిషి వెళ్లలేనంత దూరంలో ఉన్న మీ మేనల్లుడికి వాక్యం అవసరమైంది, అది తెలుగులో దొరకక ఇంగ్లీషు నుంచి తెచ్చుకున్నాడు.

మరొక సభ్యుని సందేహం

చక్కని వివరణ ఇచ్చారు. అయితే ఇంగ్లీషులోని విడో, మన విధవ అనే పదాలు ఒకటేనని విన్నాను. విధవ అంటే ధవుడు, అనగా భర్త, లేనిది అని మనం చదువుకున్నాం కదా. అప్పుడు ఇంగ్లీషు మాటలో ధవుడు ఎక్కడున్నాడు?

జవాబు

మంచి ప్రశ్న వేశారు. విడో, విధవ, లాటిన్‌లోని విదువా, ఇవి ఒకే మూలపదం నుంచి వచ్చినవేనన్నది నిజం. ఆ మూలానికి విడిపోవడం, వెలితిపడడం అని అర్థం చెబుతారు, అందులో భర్త లేడు. వేదపదాల అర్థాలను వివరించిన ప్రాచీన పండితుడు యాస్కుడు తన నిరుక్తం అనే గ్రంథంలో విధవకు పలు వ్యుత్పత్తులు చూపుతూ వాటిలో ఒకటిగా 'ధవ' అంటే మనుష్యుడు అని, అతని నుంచి వియోగం పొందినది విధవ అని చెప్పాడు. నేటి పండితుల అభిప్రాయంలో జరిగినది తలకిందులు. విధవ ముందు ఉంది, అందులోని వి అనే అక్షరాన్ని ఉపసర్గగా భావించి విడదీసినందువల్ల ధవ అనే మాట మిగిలింది. అలా మిగిలిన ధవుడే అమరకోశంలో భర్తకు పర్యాయపదంగా చేరాడు. మాధవుణ్ని లక్ష్మీపతిగా చెప్పుకునే వ్యుత్పత్తిలోనూ అతనే ఉన్నాడు.

ఇంకొకటి కూడా చెప్పి ముగిస్తాను. తల్లిదండ్రులు లేని పిల్లలను చెప్పే ఆర్ఫన్ అనే మాట గ్రీకు నుంచి వచ్చింది. దానికి సంస్కృతంలో ఉన్న బంధువు అర్భ, అంటే చిన్న పిల్లవాడు. బక్కపలచని మనిషిని మనం అర్భకుడు అని వెక్కిరించేటప్పుడు వాడుతున్నది ఆ పదాన్నే.

ప్రశ్న అడిగిన మిత్రునికి ఒక మాట. మీ మేనల్లుడు రాసినదానిలో నష్టం అనే పదాన్ని నేను తప్పు పట్టను. లాభనష్టాల లెక్కల్లో పడకముందు సంస్కృతంలో దానికి కనబడకుండా పోయినది అనే అర్థం. క్షమించండి అన్నదాన్ని మాత్రం తీసివేసి, 'అమ్మమ్మా, తాతయ్య లేరని తెలిసి నాకు చాలా బాధగా ఉంది' అని రాయమనండి. సారీ అనే మాటకు అంతకన్నా దగ్గరి తెలుగు నాకు తోచడం లేదు. ఆ తరవాత వీలు చూసుకుని ఒకసారి ఫోన్ కూడా చేయమనండి, ఎంత దూరంలో ఉన్నా ఆవిడకు అది పరామర్శే అవుతుంది.