యాకోబు పత్రికలో "మోమాటము" అంటే సిగ్గుపడటమా?

ప్రశ్న: బైబిలు కొత్త నిబంధనలోని యాకోబు పత్రికలో, అంటే యాకోబు రాసిన లేఖలో, 2:1లో "విశ్వాసవిషయములో మోమాటముగలవారై యుండకుడి" అని ఉంది కదండీ. దేవుణ్ణి నమ్మానని నలుగురిలో చెప్పుకోవడానికి మొహమాటపడొద్దు అనే అర్థంలోనే ఇన్నాళ్లూ చదువుకున్నాను. కానీ ఆ వెంటనే బంగారు ఉంగరం పెట్టుకున్నవాడు, మురికి బట్టల దరిద్రుడు సమాజమందిరంలోకి వచ్చే సంగతి వస్తుంది. రెంటికీ పొంతన కుదరడం లేదు. పెద్దలు ఎవరైనా చెప్తారా?

జవాబు: మంచి ప్రశ్న అడిగారమ్మా. నేనూ చాలాకాలం అలాగే చదివాను. ఇప్పుడు మనం మొహమాటం అంటే బిడియం, అడగలేకపోవడం, కాదనలేకపోవడం. ఆ అర్థంతో చదివితే ఈ వచనం విశ్వాసం గురించి ధైర్యంగా మాట్లాడమని చెప్తున్నట్టే ఉంటుంది. యాకోబు చెప్తున్నది అది కాదు.

గ్రీకు మూలంలో ఇక్కడున్న మాట "ప్రోసోపోలెంప్సియా". ప్రోసోపోన్ అంటే ముఖం. రెండో సగం "పుచ్చుకోవడం" అనే క్రియ నుంచి వచ్చింది. అంటే ముఖాన్ని బట్టి మనిషిని స్వీకరించడం. దీని వెనక పాత నిబంధన భాషయైన హెబ్రీలోని పలుకుబడి ఒకటి ఉంది: "నాసా పానీమ్", ముఖం పైకెత్తడం. సాగిలపడినవాడి ముఖాన్ని పైకెత్తడమంటే అతన్ని ఆదరించడమే. న్యాయం చెప్పే చోట అదే పని చేస్తే, ఒకడి ముఖం ఎత్తి ఇంకొకడి ముఖం నేలకే వదిలేస్తే, అది అన్యాయం. ద్వితీయోపదేశకాండము 10:17లో దేవుణ్ణి "నరుల ముఖమును లక్ష్యపెట్టనివాడు, లంచము పుచ్చుకొననివాడు" అన్నది ఈ పలుకుబడితోనే. ముఖమూ లంచమూ పక్కపక్కనే ఉన్నాయి, చూడండి. తర్వాతి వచనంలోనే తలిదండ్రులు లేనివాడు, విధవరాలు, పరదేశి వస్తారు. ఎత్తి చూపడానికి ఘనమైన ముఖం లేనివాళ్లు వాళ్లే.

ఇప్పుడు మన మాటకొద్దాం. మోమాటములో "మోము" ఉంది, మొగమాటములో "మొగము" ఉంది. మొగమోటమి, మోమోటము అనే పాత రూపాలూ ఉన్నాయి. వాటిలో నాకు "ఓటమి" కూడా వినిపిస్తుంది: ఎదుటివాడి ముఖం చూసి ఓడిపోవడం. పాత తెలుగులో ఈ మాటకు దాక్షిణ్యం, ఒకరివైపు మొగ్గడం అనే అర్థాలు బలంగా ఉండేవి. కాబట్టి తెలుగు బైబిలు అనువాదకులు పొరబడలేదు. గ్రీకులో ఉన్న ముఖాన్ని తెలుగులోనూ ముఖంగానే నిలబెట్టారు. తర్వాత మన వాడుకే బిడియం వైపు జరిగింది.

అనుమానం ఉంటే అదే అధ్యాయం 9వ వచనం చూడండి. "మీరు పక్షపాతముగలవారైతే" అని ఉంటుంది. గ్రీకులో అక్కడున్నది 1వ వచనంలోని మాటకు క్రియారూపం. అనువాదకులు మోమాటమంటే ఏమిటో ఎనిమిది వచనాల తర్వాత వాళ్లే చెప్పేశారన్నమాట.

ఇక ఉంగరం సంగతి. ప్రశస్త వస్త్రాలవాడు వస్తే "నీవిక్కడ మంచి స్థలమందు కూర్చుండుము" అంటారు. దరిద్రుడితో "నీవక్కడ నిలువుము" అంటారు, లేదా పాదపీఠం కింద కూర్చోమంటారు. ఇద్దరూ లోపలికి వచ్చినవాళ్లే, ఎవరినీ గుమ్మం దగ్గర ఆపలేదు. తేడా అంతా "ఇక్కడ", "అక్కడ" అనే రెండు మాటల్లో ఉంది. దీనికి మనకొక జాతీయం ఉంది: మొహం చూసి బొట్టు పెట్టడం. యాకోబు మాటను ఇంతకన్నా తెలుగులో ఎవరు చెప్పగలరు?

మరో సభ్యుడు: బాగా చెప్పారు మాస్టారూ. అయితే 1వ వచనంలో కూడా "పక్షపాతము" అని మార్చేస్తే గొడవ వదిలిపోతుంది కదా? అపొస్తలుల కార్యములు 10:34లో "దేవుడు పక్షపాతి కాడని" అన్నప్పుడు ఎవరికీ సందేహం రాదు.

జవాబు: అర్థం సూటిగా తెలుస్తుంది, కాదనను. కానీ నాకు మోమాటము ఉంటేనే ఇష్టం. పక్షపాతంలో ఉన్న బొమ్మ వేరు, అది ఒక పక్కకు పడిపోవడం. అందులో ముఖం లేదు. పైగా పక్షపాతం అనగానే మనకు ఎవరో చెడ్డ తీర్పరి గుర్తొస్తాడు, మనం కాదు. మొహమాటం మాత్రం మనందరిలో ఉంది, దాన్ని మంచి గుణమనే అనుకుంటాం. పెద్దమనిషి వస్తే లేచి కుర్చీ ఇస్తాం, తప్పు చేసినా అడగలేం, "ఆయన మొహం చూసి ఊరుకున్నాను" అంటాం. అదే తప్పు దిక్కులేనివాడు చేస్తే నోరు ఎంత తేలిగ్గా లేస్తుందో! చాలా అన్యాయాలు పగతో జరగవండీ, ఇలా ఒకరికి కాదని చెప్పలేక జరిగిపోతాయి. నేటి అర్థం పాత అర్థానికి అంత దూరమేమీ పోలేదని నాకు అందుకే అనిపిస్తుంది.

యేసును మాటల్లో చిక్కించడానికి వచ్చినవాళ్లు కూడా ఆయన్ని "మోమాటము లేనివాడవు" అన్నారు (మత్తయి 22:16). గ్రీకులో అక్కడున్నది "మనుషుల ముఖంలోకి చూడవు" అని. గలతీయులకు 2:6లో అదే ముఖం తెలుగులో "వేషము" అయింది: "దేవుడు నరుని వేషము చూడడు". ప్రోసోపోన్‌కు నటుడి ముసుగు అనే అర్థం కూడా ఉంది కాబట్టి ఆ మాట ఎంత చక్కగా కుదిరిందో!

ఇంకొకరు: ఒక సందేహమండీ. బీదల పక్షం నిలబడమంటుంది కదా బైబిలు. అది మాత్రం మోమాటం కాదా?

జవాబు: లేవీయకాండము 19:15 దీనికే: "బీదవాడని పక్షపాతము చేయకూడదు, గొప్పవాడని అభిమానము చూపకూడదు". హెబ్రీలో ఆ రెండు చోట్లా ముఖం అనే మాటే ఉంది. అయితే అది తీర్పు చెప్పేటప్పటి నియమం. అదే అధ్యాయం 13వ వచనంలో కూలివాడి కూలి మరునాటి వరకు నీ దగ్గర ఉంచుకోకూడదని ఉంది. కూలి ఇవ్వడం బీదవాడి మీద అభిమానం కాదు, అది అతని సొమ్మే. యాకోబు 5:4లో బిగపట్టిన ఆ కూలి "మొఱ్ఱపెట్టుచున్నది" అంటాడు. 2:8లో ఆయన ఎత్తి చూపిన "నిన్నువలె నీ పొరుగువాని ప్రేమించుము" అనే ఆజ్ఞ కూడా లేవీయకాండము 19లోదే, 18వ వచనం. ఆ అధ్యాయాన్ని పక్కన పెట్టుకునే యాకోబు రాశాడేమో అనిపిస్తుంది నాకు.

మొదట అడిగినవారు: ధన్యవాదాలండీ. మోమాటము పక్కన పెన్సిలుతో "మొహం చూసి" అని రాసుకున్నాను. ఇప్పుడు ఉంగరం ఎందుకొచ్చిందో తెలిసింది.