అప్‌డేట్: లేని కాలి నొప్పి తగ్గింది, ఇంకో మాట కూడా

గిద్దలూరులో నేను కేర్‌టేకర్‌గా చూసుకునే మాజీ జవానుకి, మోకాలి కింద తీసేసిన కాలి వేళ్లు రాత్రిళ్లు మెలితిప్పినట్టు నొప్పి అని మార్చిలో అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

పనిచేసింది అద్దమే. ఫిజియోథెరపిస్ట్ దగ్గరుండి నేర్పారు. కాళ్ల మధ్య నిలువుటద్దం పెట్టి, ఉన్న పాదాన్ని మెల్లగా కదుపుతూ అద్దంలోకే చూడాలి, తీసేసిన పాదమే కదులుతున్నట్టు కనిపిస్తుంది. రోజూ 15 నిమిషాలు. మూడో వారం ఓ రాత్రి "వేళ్లు విచ్చుకున్నాయి" అన్నారాయన. అందరికీ ఇలా తగ్గదట.

పగటి నొప్పి వేరు. తీసేయగా మిగిలిన కాలి భాగం సన్నబడి, దాన్ని దూర్చే కృత్రిమ కాలి తొడుగు (సాకెట్) వదులై ఒరుసుకునేది. సాకెట్ మార్చాక పోయింది. నూనె మర్దన, విటమిన్ మాత్రలతో తేడా ఏం లేదు. "అంతా మనసు భ్రమ" అన్నవారి మాట మాత్రం తప్పు.

అద్దం పట్టుకునేది నేనే కదా. "జీతం ఆపేస్తే వెళ్లిపోతావా?" అన్నారాయన ఒకరోజు. "రెండు నెలలుగా తీసుకోవట్లేదు, చూసుకోలేదా?" అన్నాను. శ్రావణంలో మా ఇద్దరి పెళ్లి. ఆయన రిటైరయ్యాక పెళ్లి కాబట్టి ఆయన పెన్షన్ కాగితాల్లో నా పేరు ఎక్కించాలి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి సోమవారం వెళ్తున్నాం.