తొలి ఆధునిక చరిత్రలో మాస్టర్స్ చేయడానికి లాటిన్ తప్పనిసరా?

ప్రశ్న:
చరిత్రలో డిగ్రీ పూర్తి చేశాను. ఐరోపా ప్రాచీన, మధ్యయుగ, తొలి ఆధునిక (సుమారు 1500 నుంచి 1800 వరకు) చరిత్ర, సంస్కృతులపై మాస్టర్స్ చేసి, ఆ తర్వాత పరిశోధనకు వెళ్లాలని ఉంది. నాకు లాటిన్ బొత్తిగా రాదు. చేరాక నేర్చుకుంటే సరిపోతుందా, లేక లాటిన్‌తో పని పడని తొలి ఆధునిక ఇంగ్లండును ఎంచుకోవడం మేలా?

సమాధానం:
మీ రెండో ప్రశ్న నుంచే మొదలుపెడతాను, ఎందుకంటే ఆ నమ్మకంతోనే చాలామంది అంశాన్ని ఎంచుకుని మధ్యలో చిక్కుకుపోతారు. ఆ కాలపు ఉత్తరాలు, కరపత్రాలు, సాక్షుల వాంగ్మూలాలు చాలావరకు ఇంగ్లిషులోనే ఉంటాయి. కానీ 1651 నుంచి 1660 వరకు సాగిన విరామాన్ని మినహాయిస్తే, 1733 దాకా అక్కడి న్యాయస్థానాల అధికారిక రికార్డులను లాటిన్‌లోనే రాసేవారు. కాబట్టి నేరాలపైనో, భూమి తగాదాలపైనో పని చేయదలిస్తే లాటిన్‌ను తప్పించుకోలేరు.

చేరాక నేర్చుకునే వీలు చాలాచోట్ల ఉంటుంది. అయితే కోర్సు ఏడాదిదే అయితే వ్యాకరణం ఒంటబట్టేసరికి సిద్ధాంత వ్యాసం సమర్పించే గడువు వచ్చేస్తుంది. ఇప్పుడే మొదలుపెట్టండి. బ్రిటన్ జాతీయ అభిలేఖాగారం (నేషనల్ ఆర్కైవ్స్) 1086 నుంచి 1733 వరకు గల పత్రాల భాషను దృష్టిలో పెట్టుకుని తయారుచేసిన లాటిన్ పాఠాలను ఆన్‌లైన్‌లో ఉచితంగా అందిస్తోంది. ప్రాచీన యుగమైతే గ్రీకు కూడా కావాలి.

ప్రశ్న:
ధన్యవాదాలండీ. అచ్చయిన ప్రతులు ఉండగా పాత చేతిరాతలు చదవడం కూడా నేర్చుకోవాలా?

సమాధానం:
నేర్చుకోవాలండీ. అచ్చు ప్రతిలో మీరు చదివేది పరిష్కర్త తేల్చిన పాఠాన్ని మాత్రమే. మధ్యయుగ లేఖకులు రాతకు వాడే తోలునూ శ్రమనూ ఆదా చేయడానికి మాటలను కుదించి రాసేవారు. 'పి' అక్షరపు కాడకు అడ్డంగా గీత ఉంటే అది 'పెర్', అదే గీత అక్షరం పైన ఉంటే 'ప్రే', కాడకు ఎడమవైపు వంపు తిరిగితే 'ప్రో'. గీత వెలిసిపోయిన చోట పరిష్కర్త ఊహించి పూరించి ఉండవచ్చు. రాతప్రతిని చూడగలిగితే ఆ ఊహ సరైనదో కాదో మీరే తేల్చుకోగలుగుతారు. 16వ శతాబ్దపు ఇంగ్లిషు చేతిరాతలో 'సి' అక్షరం నేటి 'ఆర్' లాగా కనిపిస్తుంది గనుక, భాష తెలిసినా మొదటి పేజీ అంత తేలిగ్గా సాగదు. రోజూ కొన్ని పంక్తులు ఎత్తిరాయడమే దీనికి సాధన.

మరొకరి సూచన:
తేదీల విషయం కూడా గమనించండి. 1752కు ముందు ఇంగ్లండులో అధికారికంగా సంవత్సరం మార్చి 25న మారేది. సంవత్సరం జనవరి 1న మొదలైనట్టు లెక్కిస్తే, మొదటి చార్లెస్ రాజుకు మరణశిక్ష అమలైంది 1649 జనవరి 30న. నాటి పత్రాల్లో మాత్రం 1648 అని ఉంటుంది. అందుకే జనవరి, ఫిబ్రవరి, మార్చి మొదటి వారాల పత్రాలు నోట్ చేసుకునేటప్పుడు 1648/9 అని రెండు సంవత్సరాలూ రాసుకోండి.