డేటాబేస్ ఫైర్‌వాల్‌లో 0.0.0.0/0: పాస్‌వర్డ్ గట్టిగా ఉంటే సరిపోదా?

కృష్ణలంక_కోడర్:
అందరికీ నమస్కారం. మా ప్రాజెక్ట్ డేటాబేస్ పోస్ట్‌గ్రెస్. అమెజాన్ ఆర్‌డీఎస్‌లో (డేటాబేస్‌ను అమెజాన్ వాళ్లే నడిపిపెట్టే సర్వీస్), ముంబై రీజియన్‌లో ఉంది. నేను విజయవాడలో ఇంటి నుంచే పని చేస్తాను. కరెంటు పోయి రౌటర్ మళ్లీ ఆన్ అయితే చాలు, నా ఐపీ (ఇంటర్నెట్‌లో నా అడ్రస్) మారిపోతుంది. సెక్యూరిటీ గ్రూప్‌లో (ఎవరిని లోపలికి రానివ్వాలో చెప్పే అమెజాన్ ఫైర్‌వాల్ రూల్స్) మాత్రం పాత ఐపీయే ఉంటుంది. ఇక డీబీవర్ (డేటాబేస్‌కి కనెక్ట్ అయ్యే టూల్) అలా తిరుగుతూ తిరుగుతూ చివరికి "కనెక్షన్ టైమ్డ్ అవుట్" అని చూపిస్తుంది. కొత్త ఐపీ చేర్చమని టికెట్ పెట్టాలి. ఆ టీమ్ వేరే దేశంలో ఉంది, వాళ్లకు తెల్లారేదాకా నేను ఖాళీ. మొన్న మా లీడ్‌కి విసుగొచ్చి పోస్ట్‌గ్రెస్ వినే 5432 పోర్టును 0.0.0.0/0కి, అంటే ప్రపంచం మొత్తానికీ తెరిచేశాడు. పాస్‌వర్డ్ 32 అక్షరాలు. ఎస్‌ఎస్‌ఎల్ (కనెక్షన్‌ను ఎన్‌క్రిప్ట్ చేసేది) తప్పనిసరి చేశాం. ఇలా ఉంచితే నిజంగా ప్రమాదమా? తెలిసినవాళ్లు చెప్పండి.

ఓరుగల్లు_డీబీఏ:
ఇవాళే మూసేయించండి. రేపటిదాకా వద్దు.

పాస్‌వర్డ్ పొడవు గురించి మాట్లాడేవాళ్లంతా పాస్‌వర్డ్‌ను సరిచూసే కోడ్‌లో తప్పు ఉండదనే నమ్మకంతో మాట్లాడతారు. 2012లో మైఎస్‌క్యూఎల్, మరియాడీబీల్లో ఒక లోపం బయటపడింది. కొన్ని బిల్డ్‌లలో యూజర్ పేరు తెలిస్తే చాలు, తప్పు పాస్‌వర్డ్‌తోనే పదేపదే ప్రయత్నిస్తూ పోతే సుమారు 256 సార్లలో ఒకసారి లోపలికి వెళ్లిపోవచ్చు. మీ పాస్‌వర్డ్ 32 అక్షరాలైనా 300 అక్షరాలైనా ఒకటే. 2013 ఏప్రిల్‌లో పోస్ట్‌గ్రెస్ వంతు వచ్చింది. డేటాబేస్ పేరు హైఫన్‌తో మొదలయ్యేలా కనెక్షన్ పంపితే లాగిన్ కాకుండానే సర్వర్‌లోని ఫైళ్లు పాడు చేసే వీలుండేది. ఆ రెండుసార్లూ నిశ్చింతగా ఉన్నది పోర్టు మూసి పెట్టుకున్నవాళ్లే. ఫైర్‌వాల్ పని అదే, లోపల ఏ తప్పుందో మనకు తెలియని రోజున కూడా కాపాడటం.

గోదారి_బ్యాకెండ్:
పదేళ్లు దాటిన లోపాలు చూపించి ఇప్పుడు భయపెట్టడం న్యాయం కాదండీ. ఆయన వాడుతున్నది ఆర్‌డీఎస్. ప్యాచ్‌లు వాళ్లే వేస్తారు. 2017 జనవరిలో వేల మోంగోడీబీ డేటాబేస్‌లు చెరిపేసి డబ్బులడిగారే, అందులో దెబ్బతిన్నవాటికి పాస్‌వర్డే లేదు. పాస్‌వర్డ్ లేకపోవడం వేరు, 32 అక్షరాలుండటం వేరు. రెంటినీ ఒకే గాటన కట్టకండి.

ఇంకో మాట. ఆయన పని ఆగిపోతోందని రాశారు. దానికి మీ జవాబులో ఒక్క ముక్క లేదు. మూసేయండి అన్నారు, సరే. మూసేశాక ఆయన పని ఎలా చేయాలి?

లినక్స్_సుబ్బు:
పోర్టు నంబర్ మార్చుకోండి. 5432 కాకుండా వేరే ఏదైనా. లాగ్‌లో గోల బాగా తగ్గుతుంది.

ఓరుగల్లు_డీబీఏ:
పోర్టు మార్చడం రక్షణ కాదు. 2013లో మిషిగన్ యూనివర్సిటీ వాళ్ల జీమ్యాప్ అనే టూల్ మామూలు గిగాబిట్ కనెక్షన్‌తో ఇంటర్నెట్‌లోని ఐపీవీ4 అడ్రస్‌లు మొత్తాన్ని, ఒక పోర్టు మీద, 45 నిమిషాల్లోపు తడిమి వచ్చింది. ఇప్పుడు షోడాన్ లాంటి, తెరిచి ఉన్న మెషీన్లను వెతికే సైట్లు ఆ పని ఆగకుండా చేస్తూ జాబితా సిద్ధంగా పెడుతున్నాయి.

గోదారి_బ్యాకెండ్:
సుబ్బు గారు గోల తగ్గుతుందన్నారు, రక్షణ అనలేదు. లాగ్ శుభ్రంగా ఉంటే అసలైన దాడి కంటికి కనబడుతుంది. అది లాభం కాదా?

ఓరుగల్లు_డీబీఏ:
ఒక పోర్టుకి 45 నిమిషాలంటే, వేరే పోర్టుకి ఇంకో 45 నిమిషాలు. అంతే తేడా.

గోదారి_బ్యాకెండ్:
మొత్తం 65,535 పోర్టులున్నాయి. లెక్క వేసుకోండి.

ఓరుగల్లు_డీబీఏ:
అన్నీ చూడక్కర్లేదు. జనం పెట్టేవి 5433, 15432, 54320. దొంగకు మీకన్నా బాగా తెలుసు.

రాత్రి_షిఫ్ట్:
ఆర్‌డీఎస్‌లో పోర్టు మార్చాలంటే డేటాబేస్ రీస్టార్ట్ అవుతుంది. అది ఎవరూ చెప్పలేదు.

డల్లాస్_తెలుగోడు:
పోర్టు పక్కన పెట్టండి. కృష్ణలంక తమ్ముడూ, ముందు ఆ టైమ్ అవుట్ ఎందుకొచ్చేదో నిర్ధారించుకున్నావా? ఐపీ మారడమే కారణమని ఎలా తెలుసు?

టైమ్ అవుట్ అంటే నీ ప్యాకెట్‌ను మధ్యలో ఎవరో సడిచప్పుడు లేకుండా పారేస్తున్నారు. సెక్యూరిటీ గ్రూప్ చేసేది అదే. "కనెక్షన్ రెఫ్యూజ్డ్" వస్తే మెషీన్ దాకా వెళ్లావు, ఆ పోర్టులో వినేవాడు లేడు. నీ సొంత సర్వర్‌లో పోస్ట్‌గ్రెస్ పెట్టుకుంటే అది లోకల్‌హోస్ట్‌లోనే (ఆ మెషీన్ లోపలి నుంచి మాత్రమే) వింటుంది కాబట్టి ఇది తరచూ వస్తుంది. "పీజీ హెచ్‌బీఏలో ఎంట్రీ లేదు" (అది పోస్ట్‌గ్రెస్ సొంత అనుమతుల ఫైల్) అనో "పాస్‌వర్డ్ అథెంటికేషన్ ఫెయిల్డ్" అనో వస్తే ఫైర్‌వాల్ దాటేశావు, ఇక ఆ రూల్స్ ముట్టుకోవద్దు. ఈ మూడూ వేరు చేయకుండా జనం టికెట్లు పెడతారు, అవతలివాళ్లు కూడా చూడకుండా అన్నీ తెరిచేస్తారు. పింగ్ చేసి చూశానంటారు కొందరు. సెక్యూరిటీ గ్రూప్‌లో ఐసీఎంపీకి (పింగ్ వాడే ప్రోటోకాల్) అనుమతి లేకపోతే పింగ్ రాదు, దాన్నిబట్టి పోర్టు గురించి ఏమీ తెలియదు. విండోస్‌లో టెస్ట్ నెట్‌కనెక్షన్, లినక్స్‌లో నెట్‌క్యాట్‌తో పోర్టునే పరీక్షించాలి.

ఇంకో రెండు చూడు. ఎన్‌ఎస్‌లుకప్‌లో (పేరుకు ఐపీ చూపించే కమాండ్) మీ ఆర్‌డీఎస్ పేరుకు 10తోనో 172.31తోనో మొదలయ్యే లోపలి నెట్‌వర్క్ ఐపీ వస్తే, పబ్లిక్ యాక్సెస్ "నో" అని ఉన్నట్టు. అప్పుడు 0.0.0.0/0 పెట్టినా ఇంటి నుంచి రాదు. రెండోది, "నా ఐపీ ఎంత" అని చూపించే సైట్లు ఈ మధ్య ఐపీవీ6 (కొత్త రకం) అడ్రస్ చూపిస్తాయి. డేటాబేస్‌కు ఐపీవీ4 మాత్రమే ఉంటే, నువ్వు చేర్పించిన రూల్‌కీ నీ కనెక్షన్‌కీ సంబంధమే ఉండదు.

కృష్ణలంక_కోడర్:
అన్నా, పబ్లిక్ ఐపీయే వస్తోంది. కానీ ఇంకోటి గమనించాను. రౌటర్ పేజీలో వ్యాన్ ఐపీ (ఇంటర్నెట్ కంపెనీ రౌటర్‌కిచ్చిన ఐపీ) 100.72తో మొదలవుతోంది. బయటి సైట్‌లో పూర్తిగా వేరే నంబర్ ఉంది.

డల్లాస్_తెలుగోడు:
అది సీజీనాట్. 100.64 నుంచి 100.127 దాకా ఉన్న అడ్రస్‌లు ఇంటర్నెట్ కంపెనీల లోపలి వాడకానికి 2012లో విడిగా కేటాయించారు. అపార్ట్‌మెంట్ మొత్తానికి ఒకే గేటు ఉన్నట్టు, మీ ఏరియాలో చాలా ఇళ్లకు బయట కనిపించే ఐపీ ఒకటే. మీ టీమ్ ఆ ఐపీని చేరిస్తే నీతోపాటు వాళ్లందరికీ పోర్టు తెరిచినట్టే.

గోదారి_బ్యాకెండ్:
చూశారా! అందుకే ఐపీ రూల్ అంటే నాకు నమ్మకం లేదు. టికెట్ పెట్టి, ఎదురు చూసి, చివరికి ముక్కూమొహం తెలియని వందమందికి తెరుస్తున్నాం. పైగా దానికి సెక్యూరిటీ అని పేరు.

ఓరుగల్లు_డీబీఏ:
వందమందికి తెరవడానికీ 400 కోట్ల అడ్రస్‌లకు తెరవడానికీ తేడా లేదంటారా? సరే, పని ఎలా చేయాలన్నారు కదా, చెబుతాను. ప్రైవేట్ సబ్‌నెట్‌లో (బయటి నుంచి నేరుగా చేరలేని లోపలి నెట్‌వర్క్) ఒక చిన్న మెషీన్ పెట్టండి. దానికి పబ్లిక్ ఐపీ వద్దు, లోపలికి తెరిచిన (ఇన్‌బౌండ్) పోర్టు ఒక్కటి కూడా వద్దు. అందులోని ఎస్‌ఎస్‌ఎం ఏజెంట్ (అమెజాన్ సిస్టమ్స్ మేనేజర్ ప్రోగ్రామ్) తనే 443 మీద బయటికి మాట్లాడుతుంది. మీరు అదే సర్వీస్‌లోని సెషన్ మేనేజర్ ద్వారా మీ ల్యాప్‌టాప్‌లోని 5433ని డేటాబేస్ 5432కి కలుపుకోండి. డేటాబేస్ సెక్యూరిటీ గ్రూప్‌లో ఆ మెషీన్ గ్రూప్‌కి తప్ప ఎవరికీ అనుమతి ఉండదు. ఆర్‌డీఎస్‌కు పబ్లిక్ యాక్సెస్ కూడా తీసేయొచ్చు. ఇక మీ ఐపీ రోజుకు ఎన్నిసార్లు మారినా ఎవరినీ అడగక్కర్లేదు. ఎవరు, ఎప్పుడు సెషన్ మొదలుపెట్టారో క్లౌడ్‌ట్రెయిల్‌లో (అమెజాన్ ఖాతాలో ఎవరేం చేశారో రాసిపెట్టే లాగ్) పేరుతో సహా ఉంటుంది.

గోదారి_బ్యాకెండ్:
కాగితం మీద బాగుంది. నేను ఇంతకుముందు పనిచేసిన చోట ఇలాంటి జంప్ సర్వరే ఉండేది. రిలీజ్ రోజు రాత్రి దాని డిస్క్ నిండిపోయి సెషన్లు తెరుచుకోలేదు. దాన్ని ముట్టుకునే హక్కున్న ఒకే ఒక్కడు పెళ్లికి వెళ్లాడు, ఫోన్ ఎత్తలేదు. క్లయింట్ కాల్‌లో కూర్చుని సమాధానం చెప్పింది నేను. అప్రైజల్‌లో "డెలివరీ ఆలస్యం" అని రాసింది నా పేరు మీద. ఆపరేషన్స్ టీమ్ మీద ఒక్క మాట లేదు. మీలాంటివాళ్లు రూల్ పెడతారు, దాని ఖర్చు మేం కడతాం.

ఓరుగల్లు_డీబీఏ:
ఖర్చు గురించి మీరు నాకు చెప్పకండి. ఒక కంపెనీలో డెవలపర్ ఒకతను "రెండు రోజులే" అని మైఎస్‌క్యూఎల్ పోర్టు 3306 తెరిచాడు. తర్వాత మర్చిపోయాడు. ఒక ఆదివారం పొద్దున చూస్తే టేబుల్స్ ఒక్కటీ లేవు. కొత్త టేబుల్ ఒకటుంది, అందులో ఒకే వరస: బిట్‌కాయిన్ పంపమని. తెరిచినతను అప్పటికే వేరే కంపెనీలో ఉన్నాడు. వివరణ రాయమని నన్ను కూర్చోబెట్టారు. కస్టమర్ల ఫోన్ నంబర్లు, అడ్రస్‌లు పోయాయి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాల ప్రకారం ఇలాంటివి గమనించిన 6 గంటల్లో తెలియజేయాలి, 180 రోజుల లాగ్‌లు దాచాలి. 2023 డేటా రక్షణ చట్టంలో సరైన భద్రత పెట్టనందుకు 250 కోట్ల దాకా జరిమానా రాసి ఉంది. మీ అప్రైజల్ బాధ నాకు అర్థమవుతుంది. కానీ పోయింది మీ డేటా కాదు, మనల్ని నమ్మి ఇచ్చినవాళ్లది.

గోదారి_బ్యాకెండ్:
అంటే డెవలపర్లందరూ బాధ్యత లేనివాళ్లా? ఒక్కడు మర్చిపోతే మా అందరినీ దొంగల్లా చూస్తారా?

ఓరుగల్లు_డీబీఏ:
ఆ మాట నేననలేదు. మీరే భుజాలు తడుముకుంటున్నారు.

మోడరేటర్:
ఇద్దరూ కాస్త తగ్గండి. వ్యక్తిగత మాటలు వద్దు.

అజూర్_సైడ్:
మధ్యలో ఒక విషయం. మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అజూర్‌లోని ఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో 0.0.0.0 నుంచి 0.0.0.0 అనే రూల్ చూసి ప్రపంచానికి తెరిచారని కంగారుపడకండి. అక్కడ దాని అర్థం అజూర్ లోపలి నుంచి వచ్చేవాటికి అనుమతి అని. అలాగని నిశ్చింతగా కూడా ఉండొద్దు. వేరే కస్టమర్ల సబ్‌స్క్రిప్షన్లు కూడా అజూర్ లోపలే ఉన్నాయి. అలాగే కొత్త ఐపీ చేర్చాక రూల్ అమల్లోకి రావడానికి 5 నిమిషాల దాకా పట్టొచ్చు. ఈలోపు రావట్లేదని ఇంకా పెద్ద రేంజ్ తెరిచేసేవాళ్లను చూశాను.

గోదారి_బ్యాకెండ్:
మోడరేటర్ గారూ, తగ్గే మాట్లాడతాను. నాకు 0.0.0.0/0 మీద ప్రేమేమీ లేదు. నా ఒక్క ఐపీని నేనే చేర్చుకునే వీలిచ్చి, సాయంత్రానికి అదే పోయేలా ఒక స్క్రిప్ట్ పెట్టి, నా పేరు మీద లాగ్ చేసుకోమనండి. ప్రపంచానికి తెరవాల్సిన అవసరం నాకేముంది? అది ఇవ్వరు. ప్రొడక్షన్ కోడ్ రాయడానికి నమ్ముతారు, ఒక ఐపీ చేర్చడానికి నమ్మరు. ఇన్నేళ్లుగా నన్ను కాల్చేది అదే.

ఓరుగల్లు_డీబీఏ:
స్క్రిప్ట్ అయితే నేనూ ఒప్పుకుంటాను, ఎవరు పిలిస్తే వాళ్ల ఐపీ మాత్రమే చేర్చేలా రాస్తే. సెక్యూరిటీ గ్రూప్ మార్చే పూర్తి హక్కు మాత్రం ఇవ్వను. అర్ధరాత్రి డెడ్‌లైన్ టెన్షన్‌లో ఎవరైనా /32 (ఒక్క ఐపీ) బదులు /0 (ప్రపంచం మొత్తం) కొడతారు. మనిషి మంచివాడా చెడ్డవాడా అన్నది ఇందులో లేదు. అలా కొట్టిన రోజు సంజాయిషీ అడిగేది నన్ను. ఆ బాధ్యత కూడా డెవలపర్ పేరునే రాస్తామని మేనేజ్‌మెంట్ ఒప్పుకోనీయండి, హక్కు మీకే ఇస్తాను.

గోదారి_బ్యాకెండ్:
రాయమనండి. నేను సంతకం పెడతాను. ఆగిపోయిన పనికి బాధ్యత మీ టీమ్ పేరున రాయడానికి మీరూ పెట్టాలి.

ఓరుగల్లు_డీబీఏ:
టికెట్‌కు గడువు పెట్టి, దాటితే మా టీమ్ పేరున రాసుకోమనండి. నాకు అభ్యంతరం లేదు. ఈ మాట పైవాళ్లు ఎప్పుడూ అడగలేదు.

కృష్ణలంక_కోడర్:
మా లీడ్‌కి ఈ చర్చంతా చూపించాను. 0.0.0.0/0 తీసేశాడు. సెషన్ మేనేజర్ టన్నెల్ పెట్టాం. మొదట ఎస్‌ఎస్‌ఎల్ దగ్గర ఆగింది. మా కనెక్షన్‌లో వెరిఫై-ఫుల్ (సర్టిఫికెట్‌లో పేరు కూడా సరిచూసే సెట్టింగ్) ఉంది, టన్నెల్ వల్ల లోకల్‌హోస్ట్‌కి కనెక్ట్ అవుతున్నాం, సర్టిఫికెట్‌లో మాత్రం ఆర్‌డీఎస్ పేరుంది. రెండూ కలవట్లేదని ఎర్రర్.

డల్లాస్_తెలుగోడు:
ఎస్‌ఎస్‌ఎల్ తీసేయకు. నీ ల్యాప్‌టాప్ హోస్ట్స్ ఫైల్‌లో (ఏ పేరుకు ఏ ఐపీయో రాసుకునే ఫైల్) ఆర్‌డీఎస్ పేరును 127.0.0.1కి, అంటే నీ మెషీన్‌కే, రాసుకుని, ఆ పేరుతోనే 5433కి కనెక్ట్ అవ్వు. అది కుదరకపోతే వెరిఫై-సీఏ. అందులో సంతకం చూస్తుంది, పేరు చూడదు.

కృష్ణలంక_కోడర్:
హోస్ట్స్ ఫైల్‌తో కనెక్ట్ అయింది అన్నా, థ్యాంక్స్. మా టీమ్‌లో కాంట్రాక్ట్ మీద ఉన్న ఇద్దరికి మాత్రం అమెజాన్ లాగిన్ ఇచ్చేది లేదంటున్నారట. వాళ్లు ఇంకా టికెట్లతోనే ఉన్నారు.

గోదారి_బ్యాకెండ్:
రేపు వాళ్ల కోసం మళ్లీ ఎవరో ఒకరు తెరుస్తారు. రాసి పెట్టుకోండి.

ఓరుగల్లు_డీబీఏ:
ఇందులో గోదారి గారి మాటే నిజం. కృష్ణలంక గారూ, ఆ ఇద్దరికీ సెషన్ మొదలుపెట్టడం తప్ప ఇంకేమీ చేయలేని రోల్ ఒకటి, కాంట్రాక్ట్ ముగిసే తేదీతో అడగండి. కాదంటే ఎందుకు కాదో, ఎవరు కాదన్నారో మెయిల్‌లో రాయించుకోండి. పాలసీ ఎలా రాయాలో కావాలంటే కొత్త పోస్టు పెట్టండి, పూర్తిగా రాసిస్తాను.