పాత దల్లాకి కళాయి పూయించాలా, అలాగే ఉంచాలా?

గోదారిగాలి:
పదకొండేళ్లు మస్కట్‌లో పనిచేసి సంక్రాంతికి ఇంటికొచ్చేశాను. వచ్చేముందు అక్కడి ముత్రా సూక్ బజారులో పాత ఇత్తడి దల్లా ఒకటి కొన్నాను. అరబ్బులు గహ్వా, అంటే వాళ్ల కాఫీ, పోసే కూజా అది. మూతి పక్షి ముక్కులా వంగి ఉంటుంది. లోపల కళాయి పోయి అక్కడక్కడా చిలుము పట్టింది. అమ్మ చింతపండుతో తోమి, కళాయి పూయించి షోకేసులో పెట్టమంటోంది. మీరేమంటారు?

ఇందూరు ఆడపడుచు:
అమ్మ మాటే వినండి అన్నా. మన ఇళ్లలో గిన్నెలకు చేయించినట్టే అక్కడివాళ్లూ కళాయి పోతే మళ్లీ పూయించుకునేవాళ్లు. అందుకే అది ఇన్నేళ్లు నిలిచింది. 2015లో యునెస్కో గుర్తింపు వచ్చింది కూడా గహ్వా పోసి అతిథిని ఆదరించే పద్ధతికే. గహ్వా పోయడానికి పనికిరాకుండా ఉంచితే దానికి గౌరవం ఎక్కడుంది?

పాతలోహం:
తమ్ముడూ, తోమడం వేరు, కళాయి వేరు. ముందు తోమడం ఆపండి. దోహాలో కొన్న నా దల్లా మీద గోరంత అరబ్బీ ముద్ర ఉండేది, చేసినవాడి పేరు. చింతపండు, ఇటుకపొడి పెట్టి గంటసేపు రుద్దాను. అద్దంలా మెరిసింది, ముద్రలో రెండక్షరాలు అరిగిపోయాయి. ఎవరి చేతిపనో ఇక చదవలేను. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

ఇందూరు ఆడపడుచు:
ముద్ర సంగతి ఒప్పుకుంటాను. బయట ముట్టుకోవద్దు, సరే. కానీ లోపల చిలుము విషం కదా, కళాయి పూయిస్తే తప్పేంటి?

పాతలోహం:
అతుకులమ్మా. కళాయి పూసే తగరం 232 డిగ్రీల దగ్గర కరుగుతుంది. కళాయి పూయాలంటే కూజాని అంతకంటే వేడి చేయాలి. పాత మరమ్మతుల్లో సీసం కలిపిన అతుకు ఉంటే అంతకుముందే కరిగి మూతి ఊడొస్తుంది. పైగా సీసం అతుకున్న దాంట్లో కాఫీ తాగకూడదు. అలాంటిది అలంకారానికే ఉంచాలి.

ఇందూరు ఆడపడుచు:
అతుకు లేకపోతే మాత్రం పూయించి తీరాలి. వాడే వస్తువుని బొమ్మ చేయడం నాకు నచ్చదు.

గోదారిగాలి:
ఇప్పుడే మూతిలో పుల్లతో కెలికాను. ఎండిన ఖర్జూరపు పీచు ముక్క బయటికొచ్చింది, నలుసులు కప్పులో పడకుండా అడ్డం పెట్టేది. ఎవరు కుక్కారో, ఎప్పుడు కుక్కారో! అమ్మ దాన్ని కాగితంలో పొట్లం కట్టి దాచింది. మూతి మొదట్లో బూడిదరంగు గీత ఒకటి కనిపిస్తోంది. అది అతుకేనా? రాత్రికి ఫోటో పెడతాను, చూసి చెప్పండి.