సమస్యాపూరణం: “చిక్కు లేని దార మొక్క చిక్కు”

నిర్వాహకుని మాట: ఈసారి సమస్య బొంతలు కుట్టేవారికి. ఆటవెలది నాలుగవ పాదం ఇచ్చాము. ‘చిక్కు’, ‘ఒక్క’ల మధ్య ప్రాసయతి, అంటే మొదటి అక్షరాలకు బదులు రెండవ అక్షరాల పొంతన, ఉంది. పూరణ దారాన్ని సర్దడం, దాచడం చుట్టూనే తిరగాలి. సంసారపు చిక్కులు పోయినసారి చాలినన్ని వచ్చాయి కనుక ఇక్కడ వద్దు.

మొదటి పూరణ

కొసకు ముడియె లేక కుట్టిన బొంతలో
జారిపోవు గాదె చాటు నుండి;
ముడియు నొక్క చిక్కె; ముందది వేయుమా;
చిక్కు లేని దార మొక్క చిక్కు.

నిర్వాహకుని విమర్శ: ‘కొ–కు’, ‘జా–చా’ యతులు చక్కగా కుదిరాయి. అయితే ముడి మనం వేసేది, చిక్కు దానంతట అది పడేది. ముడిని చిన్నగా లాగి పై గుడ్డలోంచి లోపలి పొరలోకి దూర్చే వారెవరూ ఈ రెండింటినీ ఒకటిగా చెప్పరు. పైగా ఇది దారం సూదికెక్కిన తరువాతి సంగతి.

రెండవ పూరణ

రంగు రంగు రీళ్ల రాశినిఁ గుదురుగా
సర్దకున్న యెడల సంచిలోన
వెదకి వెదకి చేతి వేళ్లు నొచ్చిన వెన్క
చిక్కు లేని దార మొక్క చిక్కు.

నిర్వాహకుని విమర్శ: చివరి ‘చిక్కు’ను ‘దొరకును’ అనే క్రియగా తిప్పడం చమత్కారమే కానీ, అప్పుడు ‘ఒక్క’ అనాథగా మిగులుతుంది, ‘ఒక్కటి’ అని ఉంటే తప్ప అన్వయం పూర్తి కాదు.

ఒక సభ్యురాలి వ్యాఖ్య: రంగును బట్టి సర్దితే చూడ ముచ్చటగా ఉంటుంది గాని, ఒకే ఎరుపులో 40 నంబరూ 50 నంబరూ పక్కపక్కన ఉంటే తొందరలో ఏది చేతికొస్తే అది మిషనుకు ఎక్కుతుంది, నంబరు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది కనుక కుట్టు తేడా బొంత మీద తెలిసిపోతుంది. అందుచేత ముందు నూలు, పాలిస్టరు వేరు చేసి, తరువాత నంబరు, ఆఖరున రంగు చూడడం మేలు. మెరుపు పూత పూసిన చేతికుట్టు దారం మిషనుకు పనికిరాదు. దానికి వేరే డబ్బా ఉండాలి. సంచిలో చిక్కు పడేది రీళ్లు కాదు, వదులుగా వదిలిన కొసలు. రీలు అంచున గాటు ఉంటుంది, కొసను అందులో ఇరికిస్తే చాలు.

మూడవ పూరణ

పెట్టెలోన దాచి పెట్టిన దారమ్ము
ఏండ్లు గడువ బిగువు నెల్ల విడును;
సూది మొదటి కుట్టు చూడక తెగిపోవు;
చిక్కు లేని దార మొక్క చిక్కు.

నిర్వాహకుని విమర్శ: సమస్యలోని విరోధాన్ని అనుభవంతో విడగొట్టిన పూరణ ఇదొక్కటే. వాడని దారానికి చిక్కు పడే అవకాశమే లేదు, అదే దాని చిక్కు. ‘సూ–చూ’ యతి కూడా సహజంగా వచ్చింది. కానీ ‘దారమ్ము’ తరువాత ‘ఏండ్లు’ వచ్చినపుడు ఉత్వసంధి నిత్యం. అచ్చును అలా విడిచిపెట్టరాదు.

అదే సభ్యురాలు: నాకు వ్యాకరణం కన్నా వాస్తవం మీద అభ్యంతరం ఉంది. పద్యం నేరాన్ని పెట్టె మీద మోపింది. నూలు దారాన్ని ముఖ్యంగా చెరిచేది వెలుతురు, చెమ్మ; కిటికీ దగ్గర గాజు సీసాలో అందంగా పేర్చిన దారం కన్నా మూత ఉన్న పొడి డబ్బాలోని దారం ఎక్కువ కాలం నిలుస్తుంది. పాత రీలు తీసినపుడు ఒక మూర విప్పి రెండు చేతులతో గుంజి చూడాలి. పుటుక్కున తెగితే ఊడదీసే టాకాలకు తప్ప బొంతకు వాడకూడదు.

నిర్వాహకుడు: రెండు అభ్యంతరాలూ తీరేలా మొదటి రెండు పాదాలు మార్చి చూశాను.

గాజు సీసలోనఁ గనుపించు దారమ్ము
వత్సరాలు గడువ వట్టిపోవు;
సూది మొదటి కుట్టు చూడక తెగిపోవు;
చిక్కు లేని దార మొక్క చిక్కు.

‘పోవు’ రెండుసార్లు వచ్చింది. అంత్యప్రాసగా ఒప్పుకోవచ్చునో లేదో పూరణకర్తే చెప్పాలి.